పళ్లు వచ్చే వేళ 103 డిగ్రీల జ్వరం

ప్రశ్న: మా పాపకు ఎనిమిదో నెల. కింది చిగుళ్లలో పన్ను కనబడుతోంది. నిన్నటి నుంచి 103 డిగ్రీల జ్వరం ఉంది. ఇది పళ్ల జ్వరమే, దానంతటదే తగ్గుతుందని మా అత్తమ్మ అంటున్నారు. ఆగవచ్చునా?
– ఒక తల్లి, పరకాల

జవాబు: ఆగకండమ్మా, ఈ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి. పన్ను మొలిచేటప్పుడు చొల్లు కారడం, చిగుళ్లు ఉబ్బడం, ఒళ్లు కాస్త వెచ్చబడడం సహజమే గాని, 103 డిగ్రీల జ్వరానికి పన్ను కారణం కాదు. తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి ఈ వయసులోనే తగ్గుతుంది, బిడ్డ చేతికందినదల్లా నోట్లో పెట్టుకోవడమూ ఇప్పుడే మొదలవుతుంది; అందువల్ల పళ్లూ ఇన్ఫెక్షన్లూ ఒకే కాలంలో వచ్చి, నింద పన్ను మీద పడుతుంది. చెవిపోటు, ఆడపిల్లల్లో తరచుగా బయటపడని మూత్రపు ఇన్ఫెక్షన్, వానకాలమైతే డెంగీ, మలేరియా కూడా చూడవలసి ఉంటుంది.

అంతవరకు పారాసిటమాల్‌ను కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు గంటలకొకసారి ఇవ్వవచ్చు. అయితే చుక్కల మందు సాధారణ సిరప్ కన్నా చాలా గాఢమైనది కనుక, ఒకదాని కొలతతో మరొకటి పోయరాదు. ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ఆస్పిరిన్ వద్దు. చన్నీళ్లతో తుడవకండి, దుప్పట్లు కప్పకండి, పాలు మాత్రం మాటిమాటికీ పట్టండి.

ఫిట్స్ వచ్చినా, బిడ్డ మగతగా పడి ఉన్నా, పాలు తాగకపోయినా, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా, ఊపిరి ఎగబీల్చినా రాత్రి అని చూడకుండా వరంగల్ ఎం.జి.ఎం. వంటి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి.