ఆసిలోస్కోప్‌కి నెట్‌వర్క్ సాకెట్‌లో *ఐడీఎన్? (నువ్వే పరికరానివో చెప్పమని అడిగే కమాండ్) పంపితే జవాబు రావట్లేదు, ఎందుకు?

కనెక్ట్ అయ్యాక రిసీవ్ దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోతోందంటే, ముందు కమాండ్ చివర న్యూలైన్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే కమాండ్ ఇంకా పూర్తి కాలేదనుకుని స్కోప్ ఎదురుచూస్తూనే ఉంటుంది. పోర్ట్ నంబర్ కీసైట్ కంపెనీ స్కోప్‌లకి 5025, రైగోల్ కంపెనీవాటికి 5555. టైమౌట్ 5 సెకన్లు పెట్టుకోండి.

ఇంకో చిక్కు: టీసీపీలో ఒక్క రిసీవ్‌కే జవాబంతా వస్తుందని నమ్మకూడదు. టెక్స్ట్ అయితే న్యూలైన్ దాకా లూప్‌లో చదివితే సరిపోతుంది. వేవ్‌ఫామ్ బైనరీకి ఆ పద్ధతి పనికిరాదు, డేటా మధ్యలోనే 10 విలువ బైట్ (న్యూలైన్ విలువ కూడా అదే) రావచ్చు కాబట్టి. అక్కడ డేటా ముందు వచ్చే హెడర్‌ని బట్టి పోవాలి. #41000 అని మొదలైతే, 4 అంటే తర్వాతి నాలుగు అంకెలు పొడవు చెబుతాయని. సరిగ్గా 1000 బైట్లు చదివి, వెనకున్న న్యూలైన్‌ని కూడా లాగేయండి. అది మిగిలిపోతే తర్వాతి ప్రశ్నకి ఖాళీ జవాబు వస్తుంది.