ఆర్‌ఎస్-485 లైన్ మీద మాడ్యూళ్లన్నీ అడ్రస్ 1తోనే ఉంటే వేరువేరు అడ్రసులు ఎలా ఇవ్వాలి?

మీరు అడిగింది ఇదీ: ఒకే ఆర్‌ఎస్-485 జత వైర్ల మీద పది మోడ్‌బస్ (పరికరాలు సందేశాలు మార్చుకునే ఒక పద్ధతి) మాడ్యూళ్లు కట్టేశారు, అన్నీ ఫ్యాక్టరీ నుంచి అడ్రస్ 1తోనే వచ్చాయి, విప్పకుండా కంప్యూటర్ నుంచే వేరువేరు అడ్రసులు ఇవ్వొచ్చా అని. పదింటికీ సప్లై ఉన్నంతసేపు కుదరదు. అలాగని అన్నీ విప్పక్కర్లేదు, సప్లై ఒక్కొక్కదానికే ఇస్తూ వెళ్తే చాలు.

నేనూ మీలాగే మొదలుపెట్టాను. పెద్ద హాలు పైకప్పు కింద పన్నెండు ఉష్ణోగ్రత, తేమ సెన్సర్లు బిగించి, వైర్లన్నీ కట్టి, అడ్రసులు కింద కూర్చుని లాప్‌టాప్ నుంచి ఇద్దామనుకున్నాను. అడ్రస్ 1ని పిలిచి, అడ్రస్ ఉండే రిజిస్టర్‌లో (మాడ్యూల్ లోపల విలువ దాచుకునే, నంబరున్న గడిలో) 11 రాశాను. జవాబుగా ఏవో అర్థం లేని బైట్లు వచ్చాయి. సప్లై ఒకసారి ఆపి ఇచ్చి మళ్లీ 1ని పిలిస్తే ఎవరూ పలకలేదు. 11ని పిలిస్తే మళ్లీ అదే చెత్త. అప్పుడు వెలిగింది, పన్నెండూ ఒకేసారి 11కి మారిపోయాయని. మాస్టర్ (అంటే లైన్ మీద ప్రశ్నలు అడిగే కంప్యూటర్) 1కి చెప్పిన మాట 1 అన్న అడ్రస్ ఉన్న ప్రతి మాడ్యూలూ వింటుంది, ప్రతి ఒక్కటీ పాటిస్తుంది. కాబట్టి ఒకే అడ్రస్‌లో ఉన్న రెండింటిని అదే లైన్ మీద ఉంచి ఈ పద్ధతిలో విడదీయలేం. ఎటు పంపినా జంటగానే వెళ్తాయి. ఆ రోజు నిచ్చెనెక్కి దిగేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

లోపల జరిగేది చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆర్‌ఎస్-485 అనేది వైర్ల మీద వోల్టేజీల లెక్క మాత్రమే, దానికి అడ్రస్ అనే ఊసే లేదు. అడ్రస్ మోడ్‌బస్‌ది. మాస్టర్ 01 03 00 00 00 01 అని, వెనక రెండు బైట్ల సీఆర్‌సీ (సందేశం పాడైందో లేదో సరిచూసుకునే సంఖ్య) తగిలించి పంపిందనుకోండి. మొదటి 01 ఎవరిని పిలుస్తున్నామో చెబుతుంది. 03 అంటే రిజిస్టర్ చదువు అని. తర్వాతి రెండు బైట్లు ఎక్కడి నుంచి, ఆ తర్వాతి రెండు ఎన్ని. 01 పేరున్న మాడ్యూళ్లు రెండుంటే రెండూ ఒకేసారి లైన్ పట్టుకుంటాయి. జతలో 'ఏ' అనే వైరును ఒకటి పైకి లాగుతుంటే రెండోది కిందికి లాగుతుంది. మధ్యలో బిట్టు పాడై సీఆర్‌సీ తప్పుతుంది.

ఇందులో నన్ను బాగా మోసం చేసింది ఒకటుంది. ఒకే రకం మాడ్యూళ్లు, చూపించే విలువ కూడా ఒకటే అయితే రెండు జవాబులూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడి అప్పుడప్పుడు మంచి ఫ్రేములాగే (పాడవని పూర్తి సందేశంలాగే) వస్తాయి. ఇంకో పనిలో ఒక అడ్రస్ నుంచి ఉదయం రీడింగ్ చక్కగా వచ్చేది, మధ్యాహ్నం ఎర్రర్లు పడేవి. కేబుల్ అనుకుని రెండు రోజులు దాని వెంటే తిరిగాను. చివరికి చూస్తే రెండు సెన్సర్లకు ఒకే నంబరు. రెండు చోట్లా ఉష్ణోగ్రత సమానంగా ఉన్నంతసేపే జవాబు కుదిరేది. ఒకే ఒక అడ్రస్ దగ్గర వచ్చిపోయే తప్పు కనిపిస్తే వైరు కంటే ముందు అడ్రస్‌నే అనుమానించండి.

ఇక మీ పదింటి సంగతి. ముందు అన్నిటి సప్లై ఆపండి. మొదటిదానికి మాత్రమే ఇచ్చి, 1ని పిలిచి చదివి చూడండి. పలికిందంటే దాని అడ్రస్ 11కి మార్చండి. కొన్ని మాడ్యూళ్లు వెంటనే మారతాయి, కొన్ని సప్లై ఆపి ఇస్తేనే. అందుకే ఒకసారి ఆపి ఇచ్చి 11గా పలుకుతోందో లేదో చూసుకోండి. తర్వాత దాన్ని అలాగే ఉంచి రెండోదానికి సప్లై ఇవ్వండి. ఇప్పుడు లైన్ మీద 1 ఒకటే ఉంటుంది, దాన్ని 12 చేయండి. ఇలా చివరిదాకా. సప్లై అందరికీ ఉమ్మడిగా ఉండి విడిగా ఆపడం కుదరకపోతే, మాడ్యూల్ టర్మినల్ దగ్గర ఏ, బీ వైర్లు తీసి ఇదే వరుసలో ఒక్కొక్కటీ కలుపుతూ పోండి.

రిజిస్టర్ నంబరు దగ్గర జాగ్రత్త. మాన్యువల్‌లో 40101 అని ఉంటే ఫ్రేములో వెళ్లేది మామూలుగా 100. ముందున్న 4 రిజిస్టర్ రకం మాత్రమే, లెక్క 0 నుంచి మొదలవుతుంది కాబట్టి ఒకటి తగ్గుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ ఒకటి తామే తగ్గిస్తాయి, కొన్ని తగ్గించవు. చాలా మాడ్యూళ్లలో అడ్రస్ పక్కనే బాడ్ రేటు (లైన్ మీద డేటా వెళ్లే వేగం) రిజిస్టర్ ఉంటుంది. ఒక అంకె అటూ ఇటూ అయితే అడ్రస్ బదులు బాడ్ రేటు మారి మాడ్యూల్ మూగబోతుంది. రాసేముందు అదే రిజిస్టర్‌ను చదవండి. 1 అని వస్తే మీరున్నది సరైన చోటే కావచ్చు. బాడ్ రేటు కోడ్ కూడా 1 అయ్యే వీలుంది కాబట్టి పక్కదాన్నీ చదివి మాన్యువల్‌తో పోల్చుకోండి. అడ్రస్ 0తో మాత్రం ఏమీ రాయకండి. అది బ్రాడ్‌కాస్ట్, లైన్ మీదున్న అందరికీ వెళ్తుంది, జవాబూ రాదు.

11 నుంచి ఎందుకు మొదలుపెట్టమన్నానంటే, 1ని ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. రేపు ఒక మాడ్యూల్ పాడై కొత్తది పెడితే అది ఎక్కువగా 1తోనే వస్తుంది. ఆ స్థానం ఖాళీగా ఉంటే నేరుగా లైన్‌కి కట్టి అక్కడే మార్చుకోవచ్చు. మోడ్‌బస్‌లో 1 నుంచి 247 దాకా వాడుకోవచ్చు కాబట్టి అడ్రసులకు కొరతేమీ లేదు. నా మటుకు నేను సెన్సర్లకు 11 నుంచి, రిలేలకు 31 నుంచి ఇస్తాను. నంబరు వినగానే అది ఏమిటో తెలుస్తుంది. ప్రతి మాడ్యూల్ మీద నంబరు రాసి అంటించండి, మూత మీద కాకుండా బాడీ మీద. మూతలు మారిపోతాయి.

డిప్ స్విచ్‌లున్న (అడ్రస్ పెట్టుకునే చిన్న స్విచ్‌ల వరుస ఉన్న) రకమైతే ఇంకా సులువే, కానీ స్విచ్‌లు ఎటువైపు నుంచి లెక్కపెట్టాలో చూసుకోండి. ఐదు స్విచ్‌ల విలువలు వరుసగా 1, 2, 4, 8, 16. వాటితో 13 కావాలంటే 1, 3, 4 ఆన్ చేస్తాం, అంటే 1+4+8. అదే చివరి నుంచి లెక్కపెట్టే రకమైతే 16+4+2, అంటే 22 అవుతుంది. చాలావరకు సప్లై వచ్చినప్పుడే స్విచ్‌లను చదువుతాయి, నడుస్తుండగా జరిపితే పట్టించుకోవు.

పరికరాలు తమంతట తామే వేరువేరుగా తెలిసిపోయే బస్సులూ (అంటే చాలా పరికరాలు పంచుకునే వైర్ల లైన్లు) ఉన్నాయి. వన్-వైర్ సెన్సర్లలో ప్రతి చిప్‌కీ ఫ్యాక్టరీలోనే వేరే 64 బిట్ల నంబరు పడుతుంది. డాలి (లైట్లను నియంత్రించే ఒక డిజిటల్ పద్ధతి) లైట్లు తలా ఒక 24 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య ఎంచుకుంటే, కంట్రోలర్ వాటిని వెతికి 0 నుంచి 63 లోపు చిన్న అడ్రసులు ఇస్తుంది. మామూలు మోడ్‌బస్‌లో ఆ ఏర్పాటు లేదు.

అంతా అయ్యాక 1 నుంచి 247 దాకా ఒకసారి స్కాన్ చేయండి. ఒక్కోదానికి 200 మిల్లీసెకన్లు ఆగినా నిమిషంలోపే అయిపోతుంది. పది రావాల్సిన చోట తొమ్మిదే పలికితే, ఆ తొమ్మిదిలో దేనికి సీఆర్‌సీ ఎర్రర్లు పడుతున్నాయో చూడండి. ఉంటే రెండు మాడ్యూళ్లు అక్కడే ఇరుక్కుని ఉంటాయి. ఎక్కడా ఎర్రర్ లేకుండా ఒకటి కనిపించకపోతే దాని బాడ్ రేటు, పారిటీ (తప్పులు పట్టడానికి ప్రతి బైట్‌తో పంపే అదనపు బిట్ అమరిక) వేరుగా ఉన్నాయేమో చూడండి.