కూలిన మర్నాడు ఏం చేశారు?

అమ్మాయ్,

నీ కథ రాత్రి రెండుసార్లు చదివాను, మొదటిసారి కోపంతో, రెండోసారి అందులోని తాత కోసం.

2125లో బెజవాడ మునిగింది, ప్రకాశం బ్యారేజీ కూలింది, జనమంతా పోయి ఒక్క రోబో మిగిలింది. ఏంటమ్మా ఇది? ఈ మధ్య నా దగ్గరికొచ్చే భవిష్యత్తు కథలన్నీ ఇంతే. అందర్నీ చంపేస్తే రాసేవాళ్లకి పని సులువు, ఆ ఊరికి నీళ్లెలా వచ్చేవో చెప్పక్కర్లేదు.

గుంటూరు నుంచి ఎంత దూరం, ఓసారి వచ్చి సీతానగరం వైపు నుంచి బ్యారేజీ మీద నడువు. 1855లో అక్కడ ఆనకట్ట పూర్తయింది. 1952లో దానికి గండి పడితే 1957కల్లా ఇప్పుడున్న బ్యారేజీ లేచింది. మొన్న 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో పడవలు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్‌వెయిట్లు, అంటే గేటు బరువుకి సరితూగే దిమ్మెలు, విరగ్గొడితే, కొద్దిరోజుల్లోనే కొత్తవి బిగించారు (ఆ పడవల్ని బయటికి లాగడానికి మాత్రం నానా తంటాలు పడ్డారులే). బ్యారేజీ కూలిందని రాశావు, సరే. కూలిన మర్నాడు ఏం చేశారు? సివిల్ చదువుతున్నానంటావు, ఆ మాత్రం తట్టలేదా?

నూరేళ్ల తర్వాత కూడా చదివేవాళ్లుంటారని నమ్మినవాళ్లున్నారు: నార్వేలో ఓస్లో దగ్గర 2014లో వెయ్యి మొక్కలు నాటారు. ఏడాదికొక రచయిత ఒక రాతప్రతి ఇస్తారు, దాన్ని ఎవరూ చదవరు, 2114లో ఆ చెట్ల కాగితం మీదే అచ్చేస్తారట. పారితోషికం ఎవరి చేతికిస్తారో అని ముందు నవ్వొచ్చింది నాకు. తర్వాత అసూయ.

ఎందుకంటే నేను ఏలూరు రోడ్డులో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ ఆ ఆనకట్ట కూలీల మీద నాలుగు తరాల నవల రాశాను. ఓ వారపత్రిక ఎడిటరు, "హీరో పుట్టకముందే కథ మొదలైతే ఎవరు చదువుతారండీ, ఇరవై వారాలకి కుదించి కాస్త ప్రేమ పెట్టండి" అన్నాడు. తెచ్చి మంచం కింద ట్రంకు పెట్టెలో పడేశాను. పదకొండేళ్లకి తీస్తే తొంభై పేజీలు చెదలు తినేశాయి. తిరగరాస్తే బాగుపడింది, ఆ సంగతి ఆ ఎడిటరుకి ఎప్పుడూ చెప్పలేదు.

ఇక ఆ తాత. తాటి టెంకలు పాతరేసేది తేగల కోసం, మూడు నాలుగు నెలల్లో తవ్వుకుని కాల్చుకో, ఉడకేసుకో. నీ తాత మాత్రం తవ్వనివ్వడు. "చెట్టయ్యేదాకా నువ్వుంటావా తాతా?" అని మనవరాలడిగితే పలక్కుండా మట్టిని కాలితో అదిమి ఇంకో టెంక అందుకుంటాడు. అక్కడ పుస్తకం పక్కన పెట్టి కాసేపు బాల్కనీలో కూచున్నాను. నువ్వేమో నాలుగు లైన్లలో ఆయన్ని వదిలేసి రోబో దగ్గరికి పరిగెత్తావు.

పోటీకి పంపాలా, ఏ పత్రికకి పంపాలా అని ఏవేవో అడిగావు, అవన్నీ తర్వాత. ముందు ఇది చెప్పు: ఆ రెండో టెంక ఎక్కడ పాతాడు? సొంత చేలోనా, కాలవ గట్టు మీదా?