బాల్ పైథాన్‌కి కాగితాలు అక్కర్లేదా?

"మా అబ్బాయి పెంచుకోడానికి బాల్ పైథాన్ అనే పాము కొంటానంటున్నాడు. ఇండియాలోనే పుట్టిన పిల్ల కాబట్టి కాగితాలు అక్కర్లేదని అమ్మేవాడు చెప్పాడట. తర్వాత హైబ్రిడ్లు (రెండు జాతులు కలిపిన సంకరాలు) కూడా బ్రీడ్ చేస్తాడట. కేసవుతుందా?" అని అడిగారు. కాగితాలు కచ్చితంగా కావాలండీ. హైదరాబాద్‌లో 2019లో నేను కొన్నప్పుడు నాకూ ఇదే మాట చెప్పారు, నమ్మేశాను.

బాల్ పైథాన్ ఆఫ్రికా పాము, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో జాబితాలో ఉంది. 2022లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి ఆ జాబితాలను నాలుగో షెడ్యూల్‌గా చేర్చారు. 2024 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాటిని కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యడానికి అప్పట్లో ఆరు నెలలు గడువిచ్చారు. ఇప్పుడు కొనేవాళ్ళు పాము చేతికొచ్చిన 30 రోజుల్లో నమోదు చెయ్యాలి. అది ఎక్కడ పుట్టిందన్నదానితో సంబంధం లేదు.

నన్ను కాపాడింది 2020లో కేంద్రం పెట్టిన స్వచ్ఛంద ప్రకటన పథకం. విదేశీ జంతువులున్నవాళ్ళు ఆరు నెలల్లోపు తామే చెప్పుకుంటే ఎక్కడ కొన్నావని కాగితాలు అడగలేదు. ఫారెస్ట్ వాళ్ళు చూడ్డానికి వచ్చిన రోజు ఇంకా గుర్తుంది. టబ్ మూత తియ్యగానే అది తల లోపలికి దాచుకుని బంతిలా చుట్టుకుపోయింది. దరఖాస్తులో పెట్టిన ఫొటో పక్కన పెట్టుకుని వీపు మీద మచ్చలు ఒక్కొక్కటే పోల్చి చూశారు. మెడ కింద చెవిపోగులాంటి మచ్చ కలిసేదాకా నాకు ఒకటే టెన్షన్.

నా స్నేహితుడు 2022లో కొన్నాడు. అప్పటికి ఆ పథకం అయిపోయింది. రసీదు కోసం ఫోన్ చేస్తే అమ్మినవాడి నంబరు పనిచెయ్యలేదు. పెన్సిలంత సన్నగా ఉన్నప్పటి నుంచి రెండేళ్ళు పెంచిన పాముని చివరికి తనే తీసుకెళ్ళి అటవీ శాఖకి అప్పజెప్పాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. బ్యాంకాక్ నుంచి బ్యాగుల్లో కుక్కి తెచ్చిన బాల్ పైథాన్‌లు చెన్నై ఎయిర్‌పోర్ట్‌లో ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. మూలం చెప్పలేని పాము అంటే ముందు ఆ అనుమానమే వస్తుంది.

ఇక బ్రీడింగ్. బనానా, పైడ్ అని అమ్మేవి హైబ్రిడ్లు కావు, అదే జాతిలో రంగు తేడాలు. రంగు మారినంత మాత్రాన చట్టం మారదు. ఆరు గుడ్లు పొదిగితే ఆరు పిల్లల పుట్టుకా నమోదు చెయ్యాలి, ఎవరికిచ్చినా ఆ బదిలీ కూడా. అసలు హైబ్రిడ్ అంటే కార్పెట్ పైథాన్‌నీ గ్రీన్ ట్రీ పైథాన్‌నీ కలిపి పుట్టించే కార్పాండ్రో లాంటిది. వెనకటి నాలుగు తరాల్లో సైటిస్ మొదటి, రెండో జాబితాల పాము ఒక్కటున్నా ఆ సంకరానికీ అవే నిబంధనలని సైటిస్ తీర్మానం ఉంది. రెండు జాబితాలవీ కలిస్తే కఠినమైన జాబితా నిబంధనే వర్తిస్తుంది. అందుకే మన కొండచిలువ రక్తం కలిసినదాని జోలికి మాత్రం అస్సలు పోనివ్వకండి. కొండచిలువ మన చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఆ షెడ్యూల్ జంతువుల విషయంలో నేరానికి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఏడేళ్ళ జైలు, పైన 25 వేలకి తగ్గని జరిమానా.

కార్న్ స్నేక్ సైటిస్‌లో లేదు కాబట్టి ఈ నమోదు దానికి లేదు. అయినా దొంగతనంగా దిగుమతైంది కాదని చూపించడానికి బిల్లు తీసుకోండి.

బాల్ పైథాన్ ఇంట్లో 20, 30 ఏళ్ళు బతుకుతుంది. మీ అబ్బాయికి పెళ్ళయ్యాక కూడా ఉంటుంది. డబ్బు కట్టకముందే అమ్మేవాడి నమోదు పత్రం అడగమనండి. అందులో రాసిన జాతి, ఫొటోలోని మచ్చలు ఆ పాముతో కలుస్తున్నాయో లేదో దగ్గరుండి చూసుకోమనండి. పత్రం రేపిస్తానంటే రేపే కొనమనండి.