పాఠకుల ప్రశ్నలు: కొత్త కెమెరా, తెలియని ఆన్‌లైన్ షాపు

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. చెల్లెలి పెళ్లికి మిర్రర్‌లెస్ కెమెరా కొనాలనుకుంటున్నాను. షోరూములో 84 వేలు చెప్పిన కిట్టు (కెమెరా, లెన్సు కలిపి), బెంగళూరు ఎస్పీ రోడ్డు చిరునామా ఉన్న ఒక వెబ్‌సైటులో 66 వేలకే ఉంది. అందులో ఇచ్చిన జీఎస్టీ నంబరు ప్రభుత్వ జీఎస్టీ పోర్టల్‌లో కొడితే ‘యాక్టివ్’ అనే వచ్చింది. నమ్మొచ్చా?

జవాబు: ఇప్పుడే డబ్బు కట్టకండి. ‘యాక్టివ్’ అంటే ఆ నంబరు చెల్లుబాటులో ఉందని మాత్రమే, ఈ వెబ్‌సైటు వాళ్లదేనని కాదు. జీఎస్టీ నంబరు షాపులిచ్చే ప్రతి జీఎస్టీ బిల్లు మీదా ఉంటుంది. ఇంకొకరి నంబరు తెచ్చి తమ పేజీ అడుగున పెట్టుకోవడం నిమిషం పని.

పోర్టల్‌లో ‘సెర్చ్ ట్యాక్స్‌పేయర్’ పేజీ మళ్లీ తెరవండి, లాగిన్ అక్కర్లేదు. ఈసారి లీగల్ నేమ్, ట్రేడ్ నేమ్, రిజిస్ట్రేషన్ తేదీ, చిరునామా, ఏ సరుకు అమ్ముతారు అన్న వివరాలు చదవండి. సరుకుల దగ్గర బట్టలో టైల్సో మాత్రమే కనబడితే ఆ నంబరు అరువు తెచ్చుకున్నదని అనుమానించాలి. కెమెరాల హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకు రకాన్ని తెలిపే నంబరు) 8525తో మొదలవుతుంది. ‘పదేళ్లుగా సేవలో’ అని రాసుకున్నవాళ్ల రిజిస్ట్రేషన్ నాలుగు నెలల కిందటిదైతే ఎందుకో అడగండి. అదే పేజీలో పన్ను రిటర్నుల పట్టిక కూడా తెరిచి, ఈ మధ్య నెలలవి వేశారో లేదో చూడండి.

నంబరులోనే ఇంకొంత సమాచారం ఉంటుంది. మొత్తం 15 అక్షరాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: కర్ణాటకకు 29, తమిళనాడుకు 33. తర్వాతి పది అక్షరాలు పాన్ నంబరు. మొత్తంలో ఆరో అక్షరం చూడండి. అది ‘పి’ అయితే వ్యక్తి, ‘ఎఫ్’ అయితే భాగస్వామ్య సంస్థ, ‘సి’ అయితే కంపెనీ. వెబ్‌సైటులో ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని ఉండి ఆరో అక్షరం ‘పి’ అయితే, రెండింట్లో ఒకటి అబద్ధం.

ఇక ధర. 18 వేల తేడా మామూలు డిస్కౌంటు కాదు. నేరుగా మోసమైనా కావచ్చు, గ్రే మార్కెట్ సరుకైనా కావచ్చు. గ్రే సరుకు నకిలీ కాదు. కంపెనీ ఇండియా దిగుమతి దారిలో కాకుండా వేరే దారిలో వచ్చిన అసలు కెమెరా. దానికి ఇక్కడి కంపెనీ వారంటీ ఉండదు, షాపువాడి మాటే వారంటీ. జపాన్ మార్కెట్‌కు చేసిన చాలా సోనీ కెమెరాల్లో మెనూ జపనీస్‌లో తప్ప రాదు, మార్చుకునే వీలూ ఉండదు. అందుకే పెట్టె మీది లేబుల్ ఫొటో పంపమనండి. దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, నెల, సంవత్సరం దాని మీద ఉండి తీరాలి, చట్టం అది. ‘ఇండియా వారంటీయా, షాపు వారంటీయా’ అన్న ప్రశ్నకు జవాబు రాతలో తీసుకోండి. అధీకృత డీలరా కాదా అన్నది బ్రాండు ఇండియా వెబ్‌సైటులోని డీలర్ల జాబితాలో చూడండి, అమ్మేవాడి పేజీలో ఉన్న లోగోను కాదు.

ధర తగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది. ‘కిట్టు’ అని పెద్ద అక్షరాల్లో పెట్టి, కింద సన్నగా ‘బాడీ ఓన్లీ’, అంటే లెన్సు లేని కెమెరా మాత్రమే, అని రాస్తారు. లెన్సు, బ్యాటరీ, చార్జరు ఒక్కొక్కటీ పేరుపేరునా అడగండి.

మీరున్నది బెంగళూరే కాబట్టి మరో పరీక్ష చేయొచ్చు. ‘డెలివరీ వద్దు, నేనే వచ్చి తీసుకుంటా’ అనండి. సాకులు మొదలైతే అక్కడితో వదిలేయండి.

అన్నీ కుదిరితే క్రెడిట్ కార్డుతో కట్టండి. సరుకు రాకపోతే బ్యాంకులో డిస్ప్యూట్ వేసుకునే వీలుంటుంది. క్యూఆర్ స్కాన్ చేయమంటే, పిన్ కొట్టేముందు తెరమీద వచ్చే పేరు చూడండి. పోర్టల్‌లో చూసిన పేరు కాకుండా ఎవరో వ్యక్తి పేరు వస్తే ఆగిపోండి. క్యాష్ ఆన్ డెలివరీ కూడా క్షేమమనుకోకండి. పెట్టె విప్పకముందే డబ్బు చేతులు మారుతుంది.

ప్రశ్న: మేం ఆర్డరు పెట్టేశాం, రేపు పార్సెల్ వస్తుంది. ఏం చూసుకోవాలి?

జవాబు: కత్తెర పెట్టకముందే వీడియో మొదలుపెట్టండి, మధ్యలో ఆపకండి. పెట్టె ఆరు వైపులా, సీలు, కొరియర్ చీటీ కనబడాలి. పెట్టె మీది సీరియల్ నంబరు, కెమెరా అడుగున ఉన్నది, బిల్లు మీదిది మూడూ ఒకటే కావాలి. బిల్లు ‘ట్యాక్స్ ఇన్వాయిస్’ అయుండాలి. ‘ఎస్టిమేట్’, ‘డెలివరీ చలాన్’ వారంటీకి పనికిరావు. కెమెరాకు జీఎస్టీ 18 శాతం. 70,800 బిల్లులో సరుకు 60,000, పన్ను 10,800. అమ్మినవాడూ మీ ఇల్లూ కర్ణాటకలోనే ఉంటే సీజీఎస్టీ (కేంద్రం వాటా) 5,400, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 5,400గా విడివిడిగా ఉంటుంది. వేరే రాష్ట్రం నుంచి వస్తే మొత్తం ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను). బెంగళూరు షాపునని చెప్పుకున్నవాడి బిల్లులో ఐజీఎస్టీ కనబడితే సరుకు ఎక్కణ్నుంచి వచ్చిందో అడగండి. ఆ రోజే బ్రాండు ఇండియా సైటులో సీరియల్ రిజిస్టర్ చేయండి. సైటు ఆ నంబరు తీసుకోకపోతే, సరుకు తిప్పి పంపే గడువు దాటకముందే కస్టమర్ కేర్‌తో మాట్లాడండి.

ప్రశ్న: డబ్బు కట్టి పది రోజులైంది, ఫోను ఎత్తడం లేదు.

జవాబు: ఈ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. డబ్బు ఇంకా ఆ ఖాతాలోనో, అక్కణ్నుంచి వెళ్లిన ఖాతాలోనో ఉంటే ఆపే వీలుంది, గంటలు గడిచేకొద్దీ అది తగ్గుతుంది. లావాదేవీ యూటీఆర్ నంబరు (బ్యాంకు ఆ చెల్లింపుకు ఇచ్చే గుర్తింపు నంబరు) చేతిలో ఉంచుకోండి. షాపు నిజమైనదే, సతాయిస్తోంది అనుకుంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్. వెబ్‌సైటులో పేరున్న గ్రీవెన్స్ ఆఫీసరుకు (ఫిర్యాదులు చూసే అధికారికి) కూడా ఫిర్యాదు రాతపూర్వకంగా పంపండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి.