తీగ చుట్టి వత్తి పెట్టిస్తే నేరమా?

ప్రశ్న: మేడమ్, మాది కడప. ఏడురోడ్ల దగ్గర సెల్‌ఫోన్ రిపేరు అంగడి నడుపుతున్నా. వయసు 27. రెండేళ్ల కిందట మా బావ కువైట్ నుంచి వస్తూ ఒక వేప్ (ఇ-సిగరెట్) తెచ్చిచ్చాడు. లిక్విడ్‌ను వేడిచేసే కాయిల్ అందులో రెడీమేడ్‌ది కాదు, మనమే తీగ చుట్టుకుని, దూది వత్తి దూర్చుకునే రకం. వీడియోలు చూసి నేర్చుకున్నా. ఇప్పుడు పది పన్నెండు మంది వాళ్ల వేప్‌లు తెచ్చి నాతో కాయిల్ చుట్టించుకుంటారు. ఇంటర్ చదివే పిల్లలు కూడా ఇద్దరు వస్తారు. తీగ ఖర్చుకని మనిషికి 150 రూపాయలు తీసుకుంటా. వేప్ అమ్మను, లిక్విడ్ అమ్మను. చుట్టే విధానం రీల్స్‌గా పెట్టా. పోయిన నెల నేను కాయిల్ కట్టిచ్చిన ఒక స్నేహితుడికి జేబులో బ్యాటరీ వేడెక్కి తొడ కాలింది. వాళ్ల నాన్న 40 వేలు అడుగుతున్నాడు. ఇంకో ఇద్దరు నాకు 2,400 బాకీ. మొన్న పక్క వీధిలో ఒక బీడీ బంకులో పోలీసులు వేప్‌లు పట్టుకున్నారు. నిన్న నాకు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, ఒకసారి వచ్చిపో అన్నారు. తీగ చుట్టడం కూడా నేరమేనా? అంగడి మా నాన్న పేరు మీద ఉంది. ఆయనకేమైనా అవుతుందా?

జవాబు: నేరమే నాయనా. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మీ ఉత్తరమంతా 'నేను అమ్మడం లేదు కదా' అన్న ధైర్యం మీద నిలబడి ఉంది. ఆ ధైర్యానికి ఈ చట్టంలో చోటు లేదు.

ఇ-సిగరెట్ల మీద కేంద్రం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో అది చట్టమైంది, 2019లో 42వ చట్టం. దాన్ని జనం 'వేప్‌లు అమ్మకూడదనే చట్టం' అనుకుంటారు. దాని పూర్తి పేరు చదివితే చాలు ఆ భ్రమ పోతుంది. ఉత్పత్తి, తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన, ఇన్ని మాటలూ ఆ పేరులోనే ఉన్నాయి. నాలుగో సెక్షన్ నిల్వ తప్ప (దానికి ఐదో సెక్షన్ ఉంది) ఇవన్నీ చేయకూడదంటూ ఇంకో మాట కలిపింది: పూర్తి వస్తువైనా సరే, అందులో ఏ భాగమైనా సరే. మీ కాయిల్ ఆ 'భాగం' కిందికి వస్తుంది.

'మా వాళ్లు నికోటిన్ లేని లిక్విడే వాడతారు' అని మీరు రాయలేదు గానీ, స్టేషన్‌లో అనేలా ఉన్నారు. అనకండి. ఒక పదార్థాన్ని వేడిచేసి, పీల్చుకోవడానికి పొగలాంటి ఆవిరి పుట్టించే ఎలక్ట్రానిక్ పరికరం ఇ-సిగరెట్టేనని నిర్వచనం చెబుతోంది. నికోటిన్ ఉన్నా, లేకపోయినా, ఏ పేరుతో పిలిచినా, ఏ ఆకారంలో ఉన్నా అంతే.

ఇక మీ అసలు సందేహం, తీగ. మీరు పంపిన ఫొటో చూశాను. మూడు మిల్లీమీటర్ల స్క్రూడ్రైవర్ మీద ఆరు చుట్లు, ఒకదానికొకటి అంటుకుని పెసరగింజ పొడవున్నాయి. రెండు కొసలూ స్క్రూల కింద బిగించి, మిగిలిన తీగ అంచుకు కత్తిరించారు. చుట్ల నడుమ నుంచి దూది వత్తి రెండు పక్కలా దిగి ఉంది. చేతిపని బాగుంది, అది కాదనను. ఆ నిక్రోమ్ తీగ చుట్టగా మీ అంగట్లో ఉన్నంతవరకు ఏ తప్పూ లేదు. పెళ్లి మండపాలకు థర్మోకోల్ అక్షరాలు కోసేవాళ్ల దగ్గర అదే తీగ ఉంటుంది, హీటర్లు బాగుచేసేవాళ్ల దగ్గరా ఉంటుంది. దూది మెడికల్ షాపులో కొన్నదే. ఏ వస్తువుకా వస్తువు విడిగా నిర్దోషి. ఆ తీగను వేప్‌లో కూర్చోవాలని కొలత చూసి చుట్టి, ఓమ్‌మీటర్ పెట్టి చూసి, వత్తి దూర్చి బిగించిన క్షణం నుంచి లెక్క మారుతుంది. ఆ చట్టంలో 'తయారీ' అంటే ఇ-సిగరెట్‌ను గానీ దాని భాగాన్ని గానీ చేయడం, కూర్చడం. దానికి అనుబంధంగా చేసే చిన్న చిన్న పనులు కూడా అందులోకే వస్తాయని విడిగా రాశారు. వత్తి దూర్చడం అనుబంధ పని కాదని వాదించడం చాలా కష్టం.

'నేను కొత్తగా చేయడం లేదు, వాళ్ల వస్తువులో అరిగిపోయింది మారుస్తున్నా, అది రిపేరు' అనే వాదన ఒకటుంది. రేపు మీ కేసు నా చేతికొస్తే ఆ వాదన నేనే నిలబడి చేస్తాను. దాన్ని నమ్ముకుని ఈ పని కొనసాగించమని మాత్రం చెప్పను. ఫోన్‌లో స్క్రీన్ మార్చడం రిపేరు. ఇక్కడ ఆవిరి పుట్టేది ఆ కాయిల్ దగ్గరే, పరికరానికి గుండె అదే, దాన్ని ప్రతిసారీ మీరు మొదటి నుంచి చేస్తున్నారు.

మరి సొంతానికి చుట్టుకుంటే? పీల్చినవాడికి శిక్ష వేసే సెక్షన్ ఆ చట్టంలో లేదు. ఎంత మోతాదులోనైనా, ఏ రూపంలోనైనా దగ్గర ఉంచుకోవడం చట్ట ఉల్లంఘనేనని కేంద్ర ఆరోగ్య శాఖ 2023 నవంబరులో వివరణ ఇచ్చింది. శిక్షల సెక్షన్లలో 'దగ్గర ఉంచుకోవడం' అనే మాట విడిగా లేదు కాబట్టి వాదనకు తావుందని నా అభిప్రాయం. కానీ సొంతానికైనా చుట్టడం తయారీయే. సొంత వాడకానికని మినహాయింపు ఏదీ అందులో లేదు.

150 రూపాయల సంగతి. తీగ ఖర్చే తీసుకున్నా అది అమ్మకం. స్నేహం కొద్దీ ఊరికే ఇచ్చినా పంపిణీ అవుతుంది. నమూనాగా ఉచితంగా ఇచ్చేదాన్ని కూడా పంపిణీలో కలిపారు. మొదటిసారి తప్పుకు ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారి దొరికితే మూడేళ్ల దాకా జైలు, దాంతోపాటు ఐదు లక్షల దాకా జరిమానా.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఇంకోటి ఉంది. ఇంటర్ పిల్లలు ఇద్దరు వస్తారన్నారు. వాళ్లకు 18 నిండాయా అని మీరు ఎప్పుడైనా అడిగారా? 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం, మత్తుపదార్థాలే కాదు, పొగాకు ఉత్పత్తులు ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. నికోటిన్ ద్రవం పొగాకు ఉత్పత్తి కిందికి వస్తుందా, కాయిల్ చుట్టిచ్చినవాడు ద్రవం ఇచ్చినట్టా అన్నది కోర్టులో తేలాల్సిన విషయం. తేలేదాకా ఆ సెక్షన్ మీ ఎఫ్ఐఆర్‌లో కూర్చుంటే మీ బతుకేమవుతుందో ఆలోచించండి. నా ఇంట్లోనూ ఆ వయసు పిల్లవాడున్నాడు. ఆ పిల్లలిద్దరినీ ఈరోజే ఆపేయండి, ఇంకొకరి దగ్గరికి పంపకుండా ఆపండి.

తొడ కాలిన విషయంలో మీకు తెలిసిన లెక్కే మీకు ఎదురు తిరుగుతుంది. ఆ కాయిల్ నిరోధం 0.2 ఓమ్‌లని, కరెంటును అదుపుచేసే చిప్ లేని 'మెకానికల్ మోడ్' రకం వేప్‌కు కట్టిచ్చానని, సెల్ పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన 18650 రకం లిథియం సెల్ అని, ఇక్కడ అచ్చువేయని భాగంలో మీరే రాశారు. నిండా చార్జయిన సెల్ 4.2 వోల్టులు. దాన్ని 0.2తో భాగిస్తే 21 ఆంపియర్లు. ఇంట్లో ఏసీకో గీజరుకో పెట్టే పెద్ద ప్లగ్ 16 ఆంపియర్లది. ల్యాప్‌టాప్ సెల్‌ను అంత కరెంటు లాగడానికి చేయరు. పైన ప్లాస్టిక్ తొడుగు చిరిగిన సెల్ జేబులో తాళంచెవికో చిల్లరకో తగిలినా షార్టవుతుంది. తెలియనివాడు చేస్తే పొరపాటంటారు. రోజూ బ్యాటరీలు మార్చే మనిషి చేస్తే నిర్లక్ష్యమంటారు. ఇతరుల ప్రాణానికి, భద్రతకు ముప్పు తెచ్చేలా నిర్లక్ష్యంగా ప్రవర్తించి గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా, గాయం తీవ్రమైనదైతే మూడేళ్ల దాకా జైలు ఉంటుంది.

ఆ 40 వేల విషయంలో బేరమాడకండి, పారిపోకండి కూడా. ఆస్పత్రి బిల్లులు చూపించమని మర్యాదగా అడగండి. అయిన ఖర్చు బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకోండి. తొడ కాలిన ఆ స్నేహితుడి దగ్గరికి వెళ్లి ఒకసారి చూసి రండి, అది చట్టం చెప్పిన పని కాదు, నేను చెబుతున్నాను. 'కేసు పెట్టను' అని వాళ్ల నాన్నతో రాయించుకుని నిశ్చింతగా ఉండొచ్చనుకోకండి. ఇ-సిగరెట్ల చట్టం కింద కేసు పెట్టేది పోలీసులు, ఆ కుటుంబం కాదు.

మీకు రావాల్సిన 2,400 మరిచిపోండి. చట్టం నిషేధించిన పనికి కుదుర్చుకున్న ఒప్పందం 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు. ఆ బాకీ కోసం నోటీసిస్తే మీ చేత్తో మీరే ఒప్పుకోలు రాసిచ్చినట్టు.

మీ నాన్నగారి గురించి. తన ఆధీనంలో ఉన్న చోట ఇ-సిగరెట్ల నిల్వ పెట్టుకోవడానికి తెలిసీ ఒప్పుకుంటే స్థల యజమాని మీదకూ వస్తుంది. ఆరు నెలల దాకా జైలు, లేదా 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. 'తెలిసీ' అన్న మాట అక్కడ ముఖ్యం. ఆయనకు ఇది తెలియకపోతే ఆయనకు భయం లేదు. కాబట్టి ఆ వస్తువులు ఆయన చేతికిచ్చి 'ఇంట్లో దాచు నాన్నా' అనకండి. ఇప్పటిదాకా ఆయనకు లేని తప్పు అంటగట్టినట్టవుతుంది.

రీల్స్ కూడా తప్పే. సోషల్ మీడియాలో వాడకాన్ని ప్రోత్సహించేలా ఏది పెట్టినా అది ప్రకటన. కానీ ఇక్కడ చాలామంది కంగారులో ఒక పెద్ద తప్పు చేస్తారు. స్టేషన్ నుంచి ఫోన్ వచ్చాక అకౌంటు తుడిచేసి, ఫోన్ ఫార్మాట్ కొట్టేస్తారు. సాక్ష్యంగా పనికొచ్చే ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు దొరక్కూడదని చెరిపితే న్యాయ సంహిత 241 కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. అంటే అసలు నేరానికంటే ఎక్కువ. ఆ రీల్స్ ఎవరికీ కనబడకుండా ఆపండి, ఫైళ్లు చెరపకండి.

స్టేషన్ ఫోన్‌కు భయపడి ఊరు వదిలిపోకండి. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న కేసుల్లో ఎడాపెడా అరెస్టులు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది. విచారణకు రమ్మంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (దర్యాప్తు, అరెస్టుల పద్ధతి చెప్పే చట్టం) 35(3) కింద రాతపూర్వకంగా నోటీసివ్వాలి. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో అదే కోర్టు చెప్పింది. నోటీసు అందితే తప్పకుండా వెళ్లండి, వెళ్లకపోవడమే అరెస్టుకు దారి. వకీలును వెంటబెట్టుకుని వెళ్లండి. మీ పేరు, ఊరు, అంగడి వివరాలు దాచకండి. మీ మీద మీరే సాక్ష్యం చెప్పాల్సిన పని లేదు, ఆ హక్కు రాజ్యాంగం 20(3) అధికరణ ఇచ్చింది. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద మీ సంతకం అక్కర్లేదు. సోదాకు అంగడికే వస్తే అడ్డుపడకండి. ఆ సోదా వీడియో తీయాలని సురక్షా సంహిత 105 చెబుతోంది, తీయమని మర్యాదగా అడగండి. జప్తు చేసిన ప్రతి వస్తువూ మధ్యవర్తుల నివేదికలో ఉందో లేదో, సంఖ్య సరిపోయిందో లేదో చూసుకోండి.

మీ బావ మళ్లీ వచ్చేటప్పుడు వేప్‌కని తీగో, దూదో, అటామైజరో (కాయిల్ కూర్చునే భాగం) తెస్తానంటే వద్దనండి. అక్కడ అంగళ్లలో దొరుకుతుంది, ఇక్కడ వేప్ గానీ దాని భాగం గానీ దిగుమతి చేయడం 2019 సెప్టెంబరు నుంచే నిషేధం. చెన్నైలోనో బెంగళూరులోనో కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే వస్తువు పోవడమే కాక ఆయన మీద జరిమానా పడుతుంది, ఏళ్ల తరబడి అక్కడ కష్టపడి సంపాదించుకునే మనిషి.

మీరూ వదిలేయాలనుకుంటే, నికోటిన్ చూయింగ్‌గమ్ లైసెన్సున్న మందు, అది ఈ నిషేధంలోకి రాదు. 1800-11-2356 నంబరుకు డబ్బుల్లేకుండా ఫోన్ చేసి పొగాకు మానడానికి సలహా అడగొచ్చు.

ఇప్పుడు మీ దగ్గరున్న సామాను. ఎవరికీ అమ్మకండి, ఇవ్వకండి. అది మళ్లీ పంపిణీ. పెన్నా ఒడ్డునో చెత్తకుప్పలోనో పారేయకండి. బ్యాటరీ సెల్స్ తప్ప మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉంచి, ఏవేవి ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకుని, ఆ కాగితంతో ముందు ఒక క్రిమినల్ వకీలును కలవండి. స్టేషన్‌లో అప్పజెప్పాలా, ఎప్పుడు, ఏ మాటలతో రాసివ్వాలి అన్నది మీ కాగితాలన్నీ చూసిన మనిషే చెప్పాలి. ఫీజుకు ఇబ్బందైతే కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఈలోపు ఆ పాత సెల్స్ అన్నీ వేప్‌లలోంచి తీసి, రెండు కొసలకూ ఇన్సులేషన్ టేపు చుట్టి, ఒకదానికొకటి తగలకుండా అంగడిలోనే ప్లాస్టిక్ డబ్బాలో విడివిడిగా పెట్టండి. తొడుగు చిరిగినవి ఉంటే వాటికి ముందు టేపు వేయండి.