తల తెగిన మాట

ప్రశ్న: మాస్టారూ, బస్సును ‘బస్’ అని ఎందుకన్నారు?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ఆ ముక్కకు విడిగా అర్థమే లేదమ్మా, ఒట్టి తోక! లాటిన్‌లో ‘ఆమ్నిబస్’ అంటే ‘అందరికీ’. 1820ల్లో ఫ్రాన్స్‌లో, డబ్బిచ్చినవాళ్లను ఎవరినైనా ఎక్కించుకునే గుర్రపు బండ్లకు ఆ పేరొచ్చింది. 1829లో జార్జ్ షిల్లిబీర్ అనే బండ్ల తయారీదారు లండన్‌లోనూ అలాంటి మూడు గుర్రాల బండి దించాడు. మా పర్లాకిమిడి నుంచి పాతపట్నం బస్సెక్కితే మనుషులతోపాటు కోళ్లగంపలూ ఉంటాయి, కాబట్టి ‘అందరికీ’ అన్న పేరు మాకు బాగానే నప్పుతుంది. ఇంగ్లీషువాళ్లేమో అసలు మాట కత్తిరించి ‘బస్’ అనే విభక్తి ప్రత్యయం మాత్రం ఉంచుకున్నారు. మనం ‘అందరి’ని వదిలేసి ‘కీ’ ఎక్కి ఊరెళ్లినట్టు! తర్వాత ఆ తోకకే కొత్త తలలు అతికించారు: మినీబస్, ట్రాలీబస్.